తొలి దూరప్రయాణానికి చవకలో సైకిల్: వెనక చక్రం దగ్గర మొదలుపెట్టండి

సైకిల్ షాపులోకి అడుగుపెట్టగానే కళ్ళు రంగు మీద, ముందు ఉన్న సస్పెన్షన్ మీద, డిస్క్ బ్రేకుల మీద పడతాయి. షాపువాడు కూడా ముందు వాటినే చూపిస్తాడు. కాలేజీకో, పొద్దున్నే పార్కుకో వెళ్ళడానికైతే అవి చూసి కొన్నా పెద్ద నష్టం లేదు. పది కిలోల సామాను వెనక కట్టుకుని రోజుకి అరవై డెబ్భై కిలోమీటర్ల చొప్పున నాలుగైదు రోజులు తొక్కాలంటే మాత్రం చూపు వేరే చోట పెట్టాలి. నా లెక్కలో వరస ఇది: వెనక చక్రం, అన్నిటికంటే తేలిక గేరు, టైరు సైజు, క్యారియర్ బిగించే చోటు, మీ ఒంటికి సరిపడే ఫ్రేము. మిగతావన్నీ ఆ తర్వాతే.

ఖరీదైన సైకిల్ లేకపోతే దూరం వెళ్ళలేమన్న భయం ముందు వదిలేయండి. 1923 అక్టోబరులో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు ప్రపంచం చుట్టిరావడానికి సైకిళ్ళెక్కారు. వాళ్ళలో ముగ్గురు 1928లో ఆ చుట్టు పూర్తిచేసి తిరిగొచ్చారు. జర్మనీవాడైన హైంజ్ స్టూకె 1962లో మూడు గేర్ల ఇనప సైకిల్ మీద బయల్దేరి దశాబ్దాల పాటు దాన్నే తొక్కాడు. ఐర్లండ్ మహిళ డెర్వ్లా మర్ఫీ 1963లో యూరప్, ఇరాన్, అఫ్గానిస్తాన్ మీదుగా ఢిల్లీకి వచ్చింది. ఆ రోడ్లకు తట్టుకోవని బయల్దేరేముందే తన సైకిల్ గేర్లు తీయించేసింది. గేర్లు తీసేయమని మీకు చెప్పను. కానీ ఆవిడ ఆలోచించిన తీరు మనకు కావాలి: దారిలో పాడయ్యేదేమిటి, అక్కడ బాగుచేసేవాళ్ళెవరు?

మొదటి అడుగు: దారి తేల్చుకోండి

సైకిల్ కంటే ముందు దారి ఎంచుకోవాలి. మన దగ్గర తొలి యాత్రకు పనికొచ్చే మూడు దారులు తీసుకుందాం. మూడూ మూడు రకాల సైకిళ్ళు అడుగుతాయి.

రాజమండ్రి నుంచి రావులపాలెం, అమలాపురం, రాజోలు మీదుగా అంతర్వేది. వంతెనలు తప్ప ఎక్కుడన్నదే లేదు. కాలవ గట్ల పక్కన నీడ ఉంటుంది, ప్రతి ఊళ్ళో పంచరు షాపు ఉంటుంది. ఇబ్బందల్లా మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి ఎదురుకొట్టే గాలి. ఈ దారికి గేర్లు లేని సైకిల్ కూడా సరిపోతుంది.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం, రెండొందల కిలోమీటర్లు దాటుతుంది. దిగడం, ఎక్కడం, మళ్ళీ దిగడం. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక నల్లమల అడవి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఆ దారి మూసేస్తారు. అడవిలో వటవర్లపల్లి లాంటి ఒకటీ రెండు ఊళ్ళు తప్ప మెకానిక్ అన్నవాడు దొరకడు. చివర్లో డ్యామ్ దగ్గరికి ఘాట్ దిగి, కృష్ణ దాటి మళ్ళీ ఎక్కాలి. ఇక్కడ గేర్లూ కావాలి, రిపేరు సామానూ కావాలి.

విశాఖ నుంచి అరకు. దూరం నూట పదిహేను కిలోమీటర్ల దాకా అంతే, కానీ శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్ మొదలవుతుంది. గాలికొండ దగ్గరికొచ్చేసరికి సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల పైన ఉంటారు. సామానుతో దీన్ని ఎక్కాలంటే బాగా తేలిక గేరు ఉండి తీరాలి, దిగేటప్పుడు బ్రేకుల మీద నమ్మకం ఉండాలి.

తొలిసారికి నా ఓటు మొదటిదైన కోనసీమ దారికే. అయితే కొన్న సైకిల్ ఒక్క యాత్రతో అయిపోదు, వచ్చే ఏడాది అరకు వెళ్ళాలనిపిస్తుంది. అందుకే సైకిల్‌ని మాత్రం ఆ అరకు దారికి తగ్గట్టు ఎంచుకుందాం.

రెండో అడుగు: డబ్బు పంచుకోండి

చేతిలో ఇరవై వేలున్నాయంటే ఇరవై వేల సైకిల్ కొనకండి. పద్నాలుగు, పదిహేను వేల లోపు సైకిల్ చూసి మిగతాది క్యారియర్, మంచి టైర్లు, రెండు ట్యూబులు, పంపు, హెల్మెట్, లైట్లు, పనిముట్లకు ఉంచండి. కొనేవాళ్ళలో ఎక్కువమంది ఈ రెండో భాగం మరచిపోతారు. ఇరవై వేల సైకిల్‌కి మూడొందల క్యారియర్ బిగించి, అది వంగాక సైకిల్‌ని తిడతారు.

ఇక్కడ చెప్పే ధరలన్నీ ఉజ్జాయింపే, ఊరిని బట్టి మారతాయి. కొత్తగా మన బజార్లో కనిపించే రకాలు ఇవీ.

నల్ల సైకిల్. పాలవాళ్ళు, తాపీమేస్త్రీలు వాడే 28 అంగుళాల హీరో, హెర్క్యులస్, ఏవన్ రకం. అయిదారు వేల నుంచి దొరుకుతుంది. బరువు ఇరవై కిలోల చుట్టూ ఉంటుంది. వెనక 40 స్పోకులు, ముందు 32. యాభై కిలోల బియ్యం బస్తా మోసే చక్రానికి మీ బట్టల సంచి ఓ లెక్క కాదు. క్యారియరూ, స్టాండూ, మడ్‌గార్డులూ, చైను కవరూ దాంతోనే వస్తాయి. చదును దారికి దీన్ని మించిన చవక సైకిల్ లేదు. కడ్డీ బ్రేకులు మాత్రం వానలో సరిగా పట్టవు, ఘాట్‌కి పనికిరావు.

హైబ్రిడ్, అంటే రేసు సైకిల్‌కీ మౌంటెన్ బైకుకీ మధ్యరకం. 700 సి సైజు చక్రాలు (సైజుల సంగతి అయిదో అడుగులో), 35 నుంచి 42 మి.మీ. టైర్లు, అడ్డంగా తిన్నని హ్యాండిల్, బరువు పదమూడు నుంచి పదిహేను కిలోలు. పన్నెండు వేల నుంచి ఇరవై వేల మధ్య దొరికే వీటిలోనే మీ సైకిల్ ఉండే అవకాశం ఎక్కువ. ముందు సస్పెన్షన్ లేనిది, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గట్టిగా ఉన్నది వెతకండి. చవక సస్పెన్షన్ ఫోర్కు కిలో, కిలోన్నర అదనపు బరువు మోయిస్తుంది. ఎక్కుడులో లేచి తొక్కినప్పుడల్లా మీ శ్రమలో కొంత అందులోని స్ప్రింగు మింగేస్తుంది. తారురోడ్డు గతుకులకు వెడల్పాటి టైరే చాలు.

26 అంగుళాల మౌంటెన్ బైకు, అందులోనూ సస్పెన్షన్ లేని పాత రకం, మంచి ఎంపిక. ముళ్ళ టైర్లు తీసేసి నున్నటివి వేయిస్తే రోడ్డు మీద హాయిగా నడుస్తుంది. గేర్లు కూడా తేలికవి ఉంటాయి.

వెనకా ముందూ రెండుచోట్లా స్ప్రింగులున్నవి, నాలుగంగుళాల ఫ్యాట్ టైర్లవి చూడటానికి బావుంటాయి. దూరప్రయాణానికి వద్దు. వంగిన హ్యాండిల్ రేసు సైకిల్ కూడా తొలియాత్రకు వద్దు: సన్న టైరు, బరువు గేర్లు, క్యారియర్‌కి చోటు లేకపోవడం మూడూ ఇబ్బందే.

మూడో అడుగు: వెనక చక్రం

ఫ్రేము ఇనపదా, అల్యూమినియమా అని గంటలు వాదించుకునేవాళ్ళున్నారు. ఇనప ఫ్రేము విరిగితే రోడ్డు పక్క వెల్డింగ్ షాపులో అతికించొచ్చన్నది నిజమే. నాలుగొందల కిలోమీటర్ల యాత్రలో ఫ్రేము విరగడం మాత్రం చాలా అరుదు. విరిగేది స్పోకు. అదీ వెనక చక్రంలో, అదీ చాలాసార్లు గొలుసు ఉన్న కుడివైపున.

ఎందుకంటే కూర్చున్న మనిషి బరువులో సగానికి పైగా వెనక చక్రం మీదే ఉంటుంది. క్యారియర్ సామాను దాదాపు అంతా అక్కడే. పైగా గేర్ల పళ్ళచక్రాలకు చోటివ్వడం కోసం కుడివైపు స్పోకులు నిటారుగా, బిగువుగా ఉంటాయి. ఎడమవైపువి వదులుగా ఉంటాయి. చక్రం తిరిగిన ప్రతిసారీ నేలకి దగ్గరగా వచ్చిన స్పోకు బిగువు తగ్గి మళ్ళీ పెరుగుతుంది. లక్షలసార్లు అలా జరిగాక చక్రం నడిమి హబ్బు దగ్గర వంపు తిరిగిన చోట లోహం అలిసి తెగుతుంది. ఏ వైపుదైనా, ఉండాల్సినదానికంటే వదులుగా ఉన్న స్పోకు ఇంకా తొందరగా తెగుతుంది. అందుకని చక్రం బలమంటే స్పోకుల లావు ఒక్కటే కాదు, అన్నీ సమానంగా బిగిసి ఉండటం.

షాపులో ఇలా చూడండి. వెనక స్పోకులు లెక్కపెట్టండి. 36 ఉంటే సంతోషం, 32 ఉన్నా నడుస్తుంది, 28 ఉంటే పెట్టేసి పక్క సైకిల్ దగ్గరికి వెళ్ళండి. రెండేసి స్పోకులు కలిపి వేళ్ళతో నొక్కుతూ చక్రం చుట్టూ రండి. ఒకే వైపువన్నీ ఇంచుమించు ఒకేలా ఎదురుతిరగాలి. తర్వాత సైకిల్ ఎత్తిపట్టుకుని చక్రం తిప్పి, బ్రేక్ రబ్బరుకీ రిమ్ముకీ మధ్య సందు గమనించండి. ఆ సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే రిమ్ము బెండు ఉన్నట్టే. కొత్త సైకిల్‌కి కూడా బెండు ఉండొచ్చు, ఫ్యాక్టరీ నుంచి హడావిడిగా వస్తాయి. అదొక్కటే చూసి వదిలేయక్కర్లేదు, తీయించి ఇమ్మనండి. రిమ్ము రెండు పొరలది కావాలి. మామూలుగా స్టిక్కరు మీద డబుల్ వాల్ అని ఉంటుంది. అనుమానముంటే టైరు తీయించి చూడండి: స్పోకుని రిమ్ముకి బిగించే నిప్పుల్ తల రిమ్ము అడుగునే పైకి కనిపిస్తే ఒకటే పొర, లోపలి గుంటలో ఉంటే రెండు.

ఇంకొకటి అడగండి: వెనక ఉన్నది ఫ్రీవీలా, క్యాసెట్టా? రెండూ వెనక గేర్ల పళ్ళచక్రాల గుత్తులే. ఏడు గేర్ల చవక సైకిళ్ళలో ఎక్కువగా మరతో బిగించే ఫ్రీవీల్ ఉంటుంది. అందులో బేరింగు బాల్స్ ఇరుసు చివరిదాకా కాకుండా లోపలి వైపే ఉంటాయి. అందుకే బరువు పడినప్పుడు ఇరుసు వంగే ప్రమాదం ఎక్కువ. క్యాసెట్ హబ్బులో ఆ ఇబ్బంది తక్కువ. మనిషి బరువు డెబ్భై అయిదు కిలోల లోపు, సామాను పన్నెండు లోపు అయితే ఫ్రీవీల్‌తో తొలియాత్రకు నేను వెనకాడను. అంతకు మించితే క్యాసెట్ ఉన్నది చూసుకోండి, నాలుగు వేలు ఎక్కువైనా సరే.

కుడివైపు స్పోకు మార్చాలంటే ముందు ఫ్రీవీల్ ఊడదీయాలి. దానికి పళ్ళున్న చిన్న రిమూవర్ కావాలి. ఊళ్ళో మేస్త్రీ దగ్గర పెద్ద పానా ఉంటుంది, సుత్తి ఉంటుంది, మీ ఫ్రీవీల్‌కి సరిపడే రిమూవర్ మాత్రం ఉండకపోవచ్చు. కొన్నరోజే అదే షాపులో అదొకటి, సరిగ్గా ఆ కొలతవే నాలుగు స్పోకులు కొని సీటు కింద సంచిలో పడేయండి. స్పోకు పొడవు రెండు మూడు మిల్లీమీటర్ల తేడా వచ్చినా బిగవదు. కాబట్టి 'దారిలో కొనుక్కుందాం' అన్నది ఇక్కడ కుదరదు.

నాలుగో అడుగు: గేర్ల సంఖ్య కాదు, పళ్ళు లెక్కపెట్టండి

'ఇరవయ్యొక్క గేర్లు సార్' అంటాడు షాపువాడు. ఆ అంకెతో మనకు పనిలేదు. తెలియాల్సింది రెండే: ముందున్న వాటిలో అతి చిన్న పళ్ళచక్రానికి ఎన్ని పళ్ళు, వెనక అతి పెద్దదానికి ఎన్ని? ముందుదాన్ని వెనకదాంతో భాగించండి. జవాబు ఒకటి కంటే తక్కువ రావాలి. 0.8 దగ్గరికి వస్తే ఘాట్ కూడా కూర్చుని ఎక్కొచ్చు.

ఉదాహరణకు ముందు 28, వెనక 28 ఉంటే నిష్పత్తి 1. పెడలు ఒక చుట్టు తిప్పితే 700 సి సైకిల్ దాదాపు 2.2 మీటర్లు కదులుతుంది. నిమిషానికి అరవై చుట్లు తిప్పితే గంటకి ఎనిమిది కిలోమీటర్లు. సామానుతో ఘాట్ ఎక్కే మామూలు మనిషి వేగం అయిదారు కిలోమీటర్లే. అంటే కాళ్ళు మెల్లగా, బరువుగా తిరుగుతాయి, మోకాళ్ళు పట్టేస్తాయి. ముందు 24, వెనక 34 అయితే నిష్పత్తి 0.7. ఒక చుట్టుకి మీటరున్నర. గంటకి అయిదున్నర కిలోమీటర్ల వేగంలో కూడా కాళ్ళు హాయిగా అరవై చుట్లు తిరుగుతాయి. నల్ల సైకిల్ సంగతి చూడండి: ముందు 44, వెనక 18 పళ్ళుంటే ఒక చుట్టుకి దాదాపు అయిదున్నర మీటర్లు. చదునులో గంటకి ఇరవై దాకా లాగుతుంది. ఎక్కుడొస్తే మాత్రం దిగి నడిపించడమే.

దిగి నడిపించడం నామోషీ ఏమీ కాదు. అనంతగిరి ఘాట్‌లో నడిపిస్తూ చుట్టూ చూసుకోవచ్చు కూడా. కాకపోతే పదేసి కిలోమీటర్లు నడిపించాలంటే యాత్ర సరదా అక్కడే ఆవిరవుతుంది.

నచ్చిన సైకిల్‌లో నిష్పత్తి ఎక్కువొస్తే దాన్ని అప్పుడే వదిలేయకండి. వెనక 14 నుంచి 28 పళ్ళున్న ఏడు గేర్ల ఫ్రీవీల్ తీసి, పెద్ద చక్రానికి 34 పళ్ళున్నది వేయించొచ్చు. ఫ్రీవీలు చవకే. గొలుసును ఒక గేరు మీంచి ఇంకోదాని మీదికి జరిపే వెనక డిరెయిలర్ 34 పళ్ళదాకా అందుకుంటుందో లేదో మెకానిక్‌ని అడగండి. గొలుసు కూడా కొంచెం పొడవు పెట్టాల్సి రావొచ్చు. బేరం ఆడేటప్పుడే 'ఫ్రీవీల్ మార్చి ఇస్తేనే తీసుకుంటాను' అంటే చాలామంది ఒప్పుకుంటారు.

పైన ఎంత పెద్ద గేరుందన్నది పట్టించుకోవద్దు. దిగుడులో తొక్కాల్సిన అవసరం ఎవరికీ రాదు.

అయిదో అడుగు: టైరు, ట్యూబు, వాల్వు

టైరు పక్కన అచ్చుపోసిన అంకెలు చదవడం నేర్చుకోండి. 37-622 అని ఉంటే వెడల్పు 37 మి.మీ., రిమ్ము వ్యాసం 622 మి.మీ. అసలు సైజు ఆ రెండో అంకె. 700 సి, 29 అంగుళాలు రెండూ 622 రిమ్ములే. 27.5 అంటే 584. 26 అంగుళాల మౌంటెన్ బైకు 559. మన 28 అంగుళాల నల్ల సైకిల్ 635. పేరులో 28 ఎక్కువ, 29 ఇంకా ఎక్కువ అనిపిస్తుంది గానీ, రిమ్ము లెక్కలో నల్ల సైకిల్‌దే పెద్దది. అందుకే ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు.

635 టైరూ ట్యూబూ మన పల్లెల్లో ఎక్కడైనా దొరుకుతాయి. పిల్లల గేరు సైకిళ్ళ పుణ్యమా అని 559 కూడా మండల కేంద్రాల్లో దొరుకుతుంది. 622, 584 కావాలంటే జిల్లా కేంద్రమో, పెద్ద పట్టణమో చేరాలి. హైబ్రిడ్ కొంటే రెండు ట్యూబులు వెంట ఉండాల్సిందే. నల్లమల లాంటి దారిలో అయితే మడతపెట్టుకునే టైరు కూడా ఒకటి తీసుకెళ్ళమంటాను.

వాల్వు చిన్న వస్తువే, పెద్ద ఇబ్బంది పెడుతుంది. మోటార్‌సైకిల్‌కి ఉండే లాంటి లావు వాల్వు అయితే ఏ పెట్రోల్ బంకులోనైనా, ఏ పంచరు షాపులోనైనా గాలి పట్టొచ్చు. దాన్ని ష్రేడర్ అంటారు. సన్నగా, కొసన చిన్న మర ఉన్న ప్రెస్టా వాల్వుకి ఊళ్ళో పంపు పట్టదు. ఇత్తడి బుడిపె లాంటి అడాప్టర్ జేబులో ఉండాలి. కొనేటప్పుడు ఎంచుకునే వీలుంటే ష్రేడరే ఎంచుకోండి. బంకులో గాలి పట్టేటప్పుడు కొంచెం కొంచెంగా పట్టమనండి. సైకిల్ ట్యూబులో గాలికి చోటు తక్కువ, క్షణంలో పగులుతుంది.

వెడల్పు 35 నుంచి 45 మి.మీ. మధ్య ఉంటే మంచిది. గాలి ఎంతన్నది టైరు మీదే రాసి ఉంటుంది. సామాను ఉంటే వెనక కాస్త ఎక్కువ, ముందు కాస్త తక్కువ.

ఆరో అడుగు: బ్రేకులు

రిమ్మును రెండు పక్కలా రబ్బర్లతో నొక్కే వి-బ్రేకులు చాలు. చూస్తే అర్థమవుతాయి, అరిగితే రబ్బరు మార్చుకోవచ్చు, కేబుల్ తెగితే ఎవరైనా వేస్తారు. కేబుల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులున్నా మంచిదే, వానలో బాగా పడతాయి. నూనెతో పనిచేసే హైడ్రాలిక్ బాగా ఆపుతుంది గానీ, లీకైతే అచ్చంపేట లాంటి ఊళ్ళో ఎవరు చూస్తారు? వి-బ్రేకులతో పాటు ఇనప రిమ్ములుంటే వద్దు, తడిస్తే జారతాయి. అల్యూమినియం రిమ్ములు అడగండి.

ఏడో అడుగు: సామాను ఎక్కడ కడతారు?

వెనక ఇరుసు పక్కన ఫ్రేముకి మర బెజ్జం ఉందా? సీటు కిందికి వచ్చే సన్న గొట్టాల మీద ఇంకో రెండు ఉన్నాయా? ఈ నాలుగు బెజ్జాలు ఉంటే పాతిక కిలోల దాకా మోసే క్యారియర్‌ని 5 మి.మీ. బోల్టులతో గట్టిగా బిగించొచ్చు. ఇవి లేకపోతే సీటు గొట్టానికి ఒక్కచోటే పట్టుకుని వేలాడే క్యారియర్లు అమ్ముతారు. అవి గతుకుల్లో పక్కకు తిరుగుతాయి, పట్టు జారుతుంది. ఈ ఒక్క కారణానికే సైకిల్ మార్చుకోవడం న్యాయం. డిస్క్ బ్రేకు ఉంటే డిస్కుని పట్టి నొక్కే దాని కాలిపర్ క్యారియర్ కాలికి అడ్డొస్తుందేమో చూడండి, కొన్నిటికి డిస్కు కోసం చేసిన వెడల్పు క్యారియరే పట్టాలి.

పక్కసంచులు పెడితే మడమ తగలకూడదు. వెనక ఇరుసు నుంచి పెడల్ ఇరుసు దాకా 43 సెంటీమీటర్ల పైన ఉంటే సాధారణంగా తగలదు. పొట్టి పాదాలవాళ్ళకి అంతకంటే తక్కువైనా పర్వాలేదు. మీ చెప్పులతో కూర్చుని, షాపులోనే సంచి పట్టుకుని చూడండి.

వీపున బరువు పెట్టుకుని తొక్కొద్దు. రెండో రోజుకి నడుము మాట్లాడుతుంది.

ఎనిమిదో అడుగు: మీ కొలత

ఫ్రేము మీదుగా రెండు కాళ్ళూ నేల మీద పెట్టి నిలబడితే పై గొట్టానికీ మీకూ మధ్య కనీసం రెండు వేళ్ళ సందు ఉండాలి. తర్వాత సీటు ఎత్తు. మడమ పెడలు మీద పెట్టి పెడలు అడుగుకి తిప్పితే కాలు నిటారుగా సాగాలి. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడలు మీద ఉంటుంది కాబట్టి మోకాలు కొద్దిగా వంగుతుంది, కావాల్సిన వంపు అదే. మన దగ్గర చాలామంది సీటు బాగా కిందికి దించి తొక్కుతారు, ఆగగానే రెండు కాళ్ళూ నేలకి ఆనాలని. ఊళ్ళో అలవాటే గానీ రోజుకి అరవై కిలోమీటర్లకు మోకాళ్ళు ఊరుకోవు.

హ్యాండిల్ అందుకోవడానికి ముందుకు సాగిలపడాల్సి వస్తే ఫ్రేము పెద్దది. ఎత్తు తక్కువున్న ఆడవాళ్ళకి షాపులో 'సీటు దించితే సరిపోతుందమ్మా' అని పెద్ద ఫ్రేము అంటగడతారు. సీటు దిగుతుంది గానీ పై గొట్టం పొట్టిదవదు. చిన్న ఫ్రేము తెప్పించమనండి, లేదంటే ఇంకో షాపుకి వెళ్ళండి.

సీటు మెత్తగా ఉంటే సుఖమనుకోకండి. మెత్తటి జెల్ సీటులోకి కూరుకుపోతే ఒత్తిడి చర్మానికీ, నరాలకీ తగులుతుంది. కాస్త గట్టిగా, కూర్చునే ఎముకల దూరానికి తగ్గ వెడల్పున్న సీటు, ప్యాడ్ ఉన్న నిక్కరు చాలు.

తొమ్మిదో అడుగు: పాత సైకిల్ కొనేట్టయితే

అసలు చవక ఇక్కడుంది. 2020 కోవిడ్ నెలల్లో మోజుగా కొన్న సైకిళ్ళు అపార్ట్‌మెంట్ సెల్లార్లలో దుమ్ముపట్టి ఉన్నాయి. ఇరవై వేల సైకిల్ సగం ధరకి దొరకొచ్చు. టైర్లకి పక్కన పగుళ్ళు వచ్చి ఉంటాయి, వాటి ఖర్చు ముందే ధరలోంచి తగ్గించండి.

చేతిలో స్కేలు పట్టుకెళ్ళండి. గొలుసు పిన్ను మధ్య నుంచి మొదలుపెట్టి ఇరవై నాలుగు పిన్నుల దూరం కొలిస్తే సరిగ్గా పన్నెండు అంగుళాలు ఉండాలి. ఒకటిన్నర మిల్లీమీటర్లు ఎక్కువొస్తే గొలుసు మార్చాలి. మూడు మిల్లీమీటర్లు ఎక్కువొస్తే ఫ్రీవీల్ కూడా అరిగిపోయినట్టే, కొత్త గొలుసు దాని మీద జారుతుంది.

ముందు హ్యాండిల్ గొట్టం ఫ్రేముకి కలిసేచోట, పెడళ్ళ దగ్గర అతుకుల్లో రంగు జుట్టంత సన్నగా చీలిందేమో గుడ్డతో తుడిచి టార్చి వేసి చూడండి. చీలిక కనిపిస్తే ఎంత చవకైనా వద్దు. పెడలు కడ్డీ పట్టుకుని పక్కలకి ఊపండి. ఆడితే లోపలి బాల్స్ సంగతి చూడాలి, అది చిన్న ఖర్చే. సీటు గొట్టం వదులుచేసి పైకీ కిందికీ కదపండి. చాలాకాలం వానకి తడిస్తే అది ఫ్రేములో తుప్పుతో బిగుసుకుపోతుంది, అప్పుడు మీ ఎత్తుకి సర్దలేరు. ఈ చివరిది ఎవరూ చూడరు, మీరు చూడండి. బిల్లు అడగండి. బిల్లు లేకపోతే పెడళ్ళ కింద ఫ్రేము మీద ఉన్న నంబరు ఫోటో తీసుకుని, అమ్మినతని చేత ఓ కాగితం రాయించుకోండి.

పదో అడుగు: బరువు కట్టి తొక్కండి

కొన్నాక తిన్నగా యాత్రకి వెళ్ళొద్దు. అయిదు కిలోల బియ్యం ప్యాకెట్లు రెండు కొని క్యారియర్‌కి అటొకటి, ఇటొకటి కట్టి, ఒకరోజు యాభై, మర్నాడు మళ్ళీ యాభై కిలోమీటర్లు తొక్కండి. రెండో రోజు నొప్పి ఎక్కడ పుడుతుందో అదే మీ అమరికలో లోపం: మోకాలి ముందు నొప్పైతే సీటు కింద ఉన్నట్టు, వెనక నొప్పైతే పైకి ఉన్నట్టు, అరచేతులు తిమ్మిరెక్కితే హ్యాండిల్ దూరమో కిందనో ఉన్నట్టు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి ఔటర్ రింగురోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల పొడవున తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది. మొదటిరోజుకి అది బావుంటుంది. రెండోరోజు మాత్రం ఎత్తుపల్లాల అసలు రోడ్డు మీదే తొక్కండి. దిగుడులో ముందు చక్రం వణుకుతున్నట్టనిపిస్తే సామాను వదులుగా ఉందనో, బరువంతా బాగా వెనక్కి పోయిందనో అర్థం.

ఈ వంద కిలోమీటర్ల తర్వాత సైకిల్‌ని మళ్ళీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి. కొత్త స్పోకులు ఈపాటికి సర్దుకుని కొన్ని వదులై ఉంటాయి, కేబుళ్ళు సాగి ఉంటాయి. పక్కనే కూర్చుని బెండు తీయడం చూడండి. పంచరు వేయడం, గొలుసు కలపడం, బ్రేకు రబ్బర్లు మార్చడం ఆయన చేతే నేర్చుకోండి. టీ ఇప్పిస్తే ఇంకా బాగా చెప్తారు. సంచిలో ఉండాల్సినవి: రెండు ట్యూబులు, ప్యాచీలు, టైరు ఊడదీసే ప్లాస్టిక్ కడ్డీలు, చేతిపంపు, 4, 5, 6 మి.మీ. అలెన్ కీలు, స్పోకులు బిగించే కీ, నాలుగు స్పోకులు, ఫ్రీవీల్ రిమూవర్, గొలుసు కట్టర్, గొలుసు కలిపే జాయింటు లింకు, ఒక బ్రేకు కేబుల్, ఒక గేరు కేబుల్, ఒక జత బ్రేకు రబ్బర్లు, బిగించి కట్టే ప్లాస్టిక్ పట్టీలు పది. పదిహేను నంబరు పానా కూడా ఒకటి వేసుకోండి. పెడళ్ళు ఊడదీయడానికి అది కావాలి.

పెడళ్ళెందుకు ఊడదీయాలంటే, తిరుగు ప్రయాణంలో సైకిల్‌ని బస్సు డిక్కీలోనో రైలు బ్రేకు వ్యానులోనో వేయాల్సి రావచ్చు. రైలుకైతే స్టేషన్ పార్సిల్ ఆఫీసులో ముందే బుక్ చేసి, పేరు, ఎక్కే స్టేషను, దిగే స్టేషను రాసిన అట్ట రెండుచోట్ల కట్టాలి. రెండు నిమిషాలే ఆగే చిన్న స్టేషన్లలో సాధారణంగా పార్సిల్ ఎక్కించరు, పెద్ద స్టేషన్ చూసుకోండి. పెడళ్ళు విప్పేటప్పుడు కుడిదాన్ని మామూలుగా ఎడమకి తిప్పాలి. ఎడమ పెడలు మర మాత్రం తిరగబడి ఉంటుంది, దాన్ని కుడికి తిప్పితేనే ఊడుతుంది.